పది కిలోలకు ఒక మిల్లీమీటరు

తటవర్తి జోగారావు ఇరవై రెండేళ్లుగా కొత్తగట్టు జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతున్నాడు. అన్నేళ్లలో ఆయన మీద వచ్చిన ఫిర్యాదు ఒక్కటే. ఆయన కారు ఊగుతుందని.

ఫిర్యాదు చేసింది జంతుశాస్త్రం చెప్పే అనసూయమ్మ గారు. జోగారావు కాపురం రేవుపల్లిలో. అక్కణ్నించి కాలేజీకి ముప్పై రెండు కిలోమీటర్లు, అందులో సగం పైగా కాలవగట్టు మీదే. ఆ గట్టుకి నలభై ఒక్క మలుపు. రోజూ పొద్దున్న ఎనిమిదింటికి స్టీరింగు ముందు ఆయనా, పక్కన కొత్తగట్టు హైస్కూల్లో లెక్కల టీచరైన ఆయన భార్య శేషారత్నం, వెనక అనసూయమ్మ గారూ బయల్దేరేవారు. పదో మలుపు దాకా అనసూయమ్మ గారు కబుర్లు చెప్పేవారు. ఇరవయ్యో మలుపుకి కళ్లు మూసుకునేవారు. ముప్పయ్యో మలుపుకి నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకుని, "మాస్టారూ, ఇన్నేళ్లు కప్పల్ని కోశాను, ఎప్పుడూ ఇంత తిప్పలేదండీ కడుపులో" అనేవారు.

కారు చెడ్డదేం కాదు. తొమ్మిదేళ్ల చిన్న బూడిదరంగు కారు. స్ప్రింగులు మెత్తన, షాక్ అబ్జార్బర్లు ముసలివైపోయాయి. మలుపు తిరిగితే పల్లకీలా ఒరిగేది. గతుకు వస్తే, గతుకు దాటాక కూడా మూడుసార్లు తలూపేది. దీనికి మందేమిటో జోగారావుకి తెలుసు. ఏటా ఆ పాఠమే చెబుతాడు. బరువు కేంద్రం నేలకి దగ్గరైతే ఒరగడం తగ్గుతుంది. ఊపుని పట్టి ఆపే సరుకుంటే తలూపడం తగ్గుతుంది. నాలుగు నెలలు ఆదివారం మధ్యాహ్నాలన్నీ ధారపోసి, కారు ఎత్తుని ముప్పై మిల్లీమీటర్లు తగ్గించే పొట్టి స్ప్రింగులూ, పైన మరతో గట్టిదనాన్ని మార్చుకోగల షాక్ అబ్జార్బర్లూ తెప్పించాడు. ఒకటో నంబరు దగ్గర పెడితే మెత్తన, ఎనిమిది దగ్గర పెడితే రాయి.

మెకానిక్ నూకరాజు వాటిని పసిపిల్లల్ని ఎత్తినట్టు పెట్టెలోంచి ఎత్తాడు. ఒక పూటంతా బిగించి, కారు కిందకి దించి, నాలుగడుగులు వెనక్కి వేసి చూశాడు.

"ఆయ్, మాస్టారండీ! మొన్నటిదాకా అడుక్కునేవాడిలా నించునుండేదండి. ఇప్పుడు చూడండి, పందెం కోడి కూచున్నట్టు ఎలా కూచుందో. కాపోతే స్పీడు బ్రేకర్ల మీద మాత్రం ఏటవాలుగా ఎక్కించాలండోయ్, లేకపోతే కడుపు రాసుకుంటాది."

సోమవారం నాడు ముప్పై ఒకటో మలుపు దగ్గర అనసూయమ్మ గారు డబ్బా తెరిచి ఇడ్లీ తిన్నారు. జోగారావు అద్దంలోంచి ఆ దృశ్యం చూశాడు. జీవితంలో ఒక సిద్ధాంతం ఇంత స్పష్టంగా రుజువవడం ఆయన ఎన్నడూ చూడలేదు.

సరిగ్గా పదకొండు రోజులు సుఖపడ్డారు.

ఆ పదకొండు రోజుల్లోనే రేవుపల్లి రవాణా కార్యాలయానికి కొత్త అధికారి వచ్చాడు. పేరు పంచాగ్నుల దక్షిణామూర్తి. నిజాయితీపరుడు. లంచం పట్టడు, సెలవు పెట్టడు, నవ్వడు. ఇదివరకు చేసిన ఊళ్లో హారన్ సంయమన సప్తాహం నిర్వహించి, ఆ ఊరి మేకలు కూడా అరవడం మానేసేలా చేశాడని పేరు. కొందరు కుర్రకారు జీపుల్ని నిచ్చెనంత ఎత్తు లేపుకు తిరగడం చూసి ఇక్కడ ఆయన 'వాహనోన్నతి క్రమశిక్షణ పక్షోత్సవం' ప్రకటించాడు. సర్క్యులర్ చిన్నదే. రిజిస్ట్రేషను పత్రంలో రాసిన ఎత్తుకీ బండి అసలు ఎత్తుకీ రెండు మిల్లీమీటర్లకి మించి తేడా ఉండరాదు. దాని కింద ఒక వివరణ: 'ఎత్తును మార్చునట్టిది ఏదైనను మార్పుగా పరిగణింపబడును.'

ఆ వాక్యాన్ని ఆయన ఒక్క గుక్కలో రాశాడట. దాని లోతు అప్పటికి ఆయనకీ తెలియదు.

పన్నెండో రోజు కాలవగట్టు మీద శాఖ వారి జీపు అడ్డంగా ఆగి ఉంది. తనిఖీ అధికారిణి సువర్చల, ఆరో నెల కడుపుతో, చేతిలో అడ్డపట్టీ బిగించిన పొడుగాటి కొలబద్దతో నిలబడి ఉంది. జోగారావుని చూడగానే నమస్కారం పెట్టింది.

"మాస్టారూ, నేనండీ సువర్చలని. మీ దగ్గరే చదువుకున్నాను. దిగక్కర్లేదు, కూచోండి. చిటికెలో కొలిచేస్తాను."

కొలిచింది. మళ్లీ కొలిచింది. పత్రంలో పదిహేను వందల ముప్పై. కొలబద్ద మీద పద్నాలుగు వందల డెబ్బై తొమ్మిది.

"యాభై ఒక్క మిల్లీమీటర్లు తక్కువండీ," అంది బాధగా.

"అంతెందుకుంటుందమ్మా? స్ప్రింగుల వల్ల తగ్గింది ముప్పయ్యే. తక్కింది మేం ముగ్గురం కూచోబట్టి. హుక్ సూత్రం. స్ప్రింగు మీద బరువు పెరిగినకొద్దీ అది కుదించుకుపోతుంది. నా దగ్గరే నేర్చుకున్నావు కదా?"

"నేర్చుకున్నానండీ. మంచి మార్కులు కూడా వేశారు. కానీ సూత్రం పరీక్షకండి. సర్క్యులర్ ఉద్యోగానికండి." నోటీసు రాసి, రెండు చేతులతో పట్టుకుని ప్రసాదంలా అందించింది.

మర్నాడు జోగారావు సెలవు పెట్టి ఆఫీసుకి వెళ్లాడు. మార్పుని నమోదు చేయించుకుంటే సరిపోతుందని ఆయన ఉద్దేశం. అటెండరు గవర్రాజు ఖాళీ కారుని కొలిచాడు. పదిహేను వందలు. దక్షిణామూర్తి ఒక చేత్తో నోటీసు, ఒక చేత్తో గవర్రాజు చీటీ పట్టుకుని చాలాసేపు చూశాడు.

"నిన్న పద్నాలుగు వందల డెబ్బై తొమ్మిది. నేడు పదిహేను వందలు. రాత్రికి రాత్రి వాహనం ఇరవై ఒక్క మిల్లీమీటర్లు పెరిగినట్లు దృష్టికి వచ్చుచున్నది. ఇది నిన్నటి వాహనమే అనుటకు రుజువేమిటి?"

"అదే కారండీ. నిన్న మనుషులున్నారు, ఇవాళ లేరు."

"అనగా, మనుషులు ఎక్కిన కారణమున ఎత్తు మారినది."

"అవునండీ."

"ఎత్తును మార్చునది మార్పు. కావున మనుషులు మార్పు." ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో, చెరువులో చేపకోసం గాలం వేసినవాడికి తిమింగలం తగిలినంత ఆశ్చర్యం కనిపించింది. "మార్పులకు ముందస్తు అనుమతి తప్పనిసరి. ఆ ముగ్గురికి అనుమతి ఉన్నదా?"

జోగారావు ఆయనకి నచ్చజెప్పబోయాడు. అధ్యాపకుడు కదా, చేతిలో సుద్దముక్క లేకపోయినా గోడ వైపు తిరిగాడు. స్ప్రింగు గుణం అదేనని, ఈ కారులో పది కిలోలకి ఒక మిల్లీమీటరు చొప్పున దిగుతుందని, ఇది హుక్ గారు మూడున్నర శతాబ్దాల కిందటే తేల్చేశారని చెప్పాడు.

"హుక్ గారిది ఏ శాఖ?"

"శాఖ కాదండీ, శాస్త్రం."

"వారి ఉత్తర్వు నకలు మూడు ప్రతులలో దాఖలు చేయండి. మా సర్క్యులర్ వారి దానికంటె తాజాది కాబట్టి మాదే అమలులో ఉండును. అయినను పరిశీలింతుము." దక్షిణామూర్తి కాగితం మీద ఏదో కూడిక వేశాడు. "పది కిలోలకు ఒకటి అంటిరి. ఇరవై ఒకటి అనగా రెండు వందల పది కిలోలు. మీ బరువు?"

"డెబ్బై."

"వెనుక కూర్చున్న ఉపన్యాసకురాలు?"

"అరవై అని ఆవిడే చెబుతుంటారండీ."

"అనగా మీ శ్రీమతి ఎనభై." రాసుకున్నాడు.

జోగారావు గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు. తన శాస్త్రం తన ఇంటి మీదకే రావడం ఆయనకదే మొదటిసారి. అంతలో దక్షిణామూర్తి స్ప్రింగుల బిల్లు తిరగేసి, ఒక పదం కింద ఎర్రగీత గీశాడు.

"షాక్ అని ఉన్నది. విద్యుత్ శాఖ నుండి నిరభ్యంతర పత్రం జతపరచవలెను."

విద్యుత్ శాఖ ఇంజనీరు మంచివాడు. షాక్ అబ్జార్బరుకి టెస్టరు ఆనించి, బల్బు వెలగలేదని చూపించి, 'ఇందులో షాక్ లేదు' అని రాసిచ్చాడు. దాని మీద దక్షిణామూర్తి ఇంకో ప్రశ్న వేశాడు: "షాక్ లేనిచో ఇది పీల్చుకొనుచున్నది ఏమిటి?" ఈ ప్రశ్నకి సమాధానం రాయడానికి జోగారావుకి రెండు వారాలు పట్టింది. చివరికి 'గతుకులు' అని రాశాడు. గతుకులు రోడ్లు భవనాల శాఖ ఆస్తి కాబట్టి ఫైలు అక్కడికి వెళ్లింది. తమ రోడ్ల మీద గతుకులు లేవని వాళ్లు రాశారు. దాంతో ఆ అబ్జార్బర్లు పీల్చుకునేది ఏమీ లేదని తేలి, నిరపాయకరమైనవిగా ఆమోదం పొందాయి.

ఇంతలో పిడుగు నోటీసు బోర్డు మీద పడింది. 'ఈ దిగువ పేర్కొన్న మార్పులపై ఎవరికైనను అభ్యంతరములున్నచో పదిహేను రోజులలోగా తెలుపవలెను' అని మూడు పేర్లు, మూడు బరువులు అంటించారు. రేవుపల్లిలో వార్తాపత్రిక చదవనివాళ్లున్నారు గానీ రవాణా ఆఫీసు బోర్డు చదవనివాళ్లు లేరు.

ఆ సాయంత్రం శేషారత్నం చేతిసంచీ బల్ల మీద పెట్టి, కుర్చీలో కూచుని, భర్తని పిలిచింది. ఆవిడ గొంతు పెంచలేదు. అదే జోగారావుని భయపెట్టింది.

"ఏవండీ, నా బరువు ఆఫీసు వాళ్లకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు శేషూ. లెక్కలో తేలింది."

"ఎవరి లెక్కలో?"

"నాదే... అంటే, హుక్‌ది."

"నా ఒళ్లో ఆ రోజు మూడు సెక్షన్ల పరీక్ష పేపర్లున్నాయి. టిఫిన్ క్యారియరుంది. మంచినీళ్ల సీసా ఉంది. తీసివేతలు తీసివెయ్యకుండా లెక్క చేసినవాడికి మా స్కూల్లో అయితే సున్నా వేస్తాను. కూరగాయలవాడు తోటకూర కట్టిస్తూ 'టీచరు గారూ, బోర్డు చూశానండి' అన్నాడు నాతో!" ఆవిడ లేచింది. "రేపట్నించి నేను బస్సులో వెడతాను. మీ కారూ మీరూ, మీ హుక్కూ ఊరేగండి."

అభ్యంతరాలేవీ రాలేదు. ఒకరిద్దరు ఎనభై తక్కువ రాశారేమోనని అనుమానం వెలిబుచ్చారు గానీ అవి గడువు దాటాక వచ్చాయి. దక్షిణామూర్తి అనుమతి పత్రం ఇచ్చాడు. శాఖ మొదట కొలిచిన కొలతే పరమ ప్రమాణం గనక, ఈ వాహనం నడుచునప్పుడూ నిలిచినప్పుడూ కూడా పద్నాలుగు వందల డెబ్బై తొమ్మిది మిల్లీమీటర్ల ఎత్తునే ఉండవలెను. మనుషులు ముగ్గురికి మించరాదు. గట్టిదనపు మరలు క్రమశిక్షణకు చిహ్నమైన ఎనిమిదో నంబరు వద్ద లక్కతో సీలు వేయబడును. వాటిని తిప్పుటకు తనిఖీ అధికారికి తప్ప అన్యులకు అధికారము లేదు.

జోగారావు పత్రం రెండుసార్లు చదివాడు. కారు ఎప్పుడూ రెండు వందల పది కిలోలు మొయ్యాలి. శేషారత్నం బస్సెక్కేసింది కాబట్టి ఎనభై తక్కువ. తను దిగితే డెబ్బై తక్కువ. అనసూయమ్మ గారు దిగితే అరవై తక్కువ. తక్కువైతే కారు లేస్తుంది, లేస్తే నేరం. భౌతికశాస్త్రం చదివినవాడు దారి లేదనడు. నూకరాజు చేత పదేసి కిలోల ఇసుక సంచులు ముప్పై నాలుగు కుట్టించాడు. భార్య సీట్లో ఎనిమిది సంచులు శాశ్వతంగా కూచున్నాయి, బెల్టుతో సహా. తను దిగేటప్పుడు ఏడు ఎక్కించాలి, అనసూయమ్మ గారు దిగేటప్పుడు ఆరు. కాలేజీలో ఒక జత, ఇంటిదగ్గర ఒక జత.

మొదటి సాయంత్రం వాకిట్లో ఆయన ఒక కాలు కింద పెట్టి ఒక్కొక్క సంచీ సీట్లోకి లాక్కుంటూ దిగుతుంటే, శేషారత్నం గుమ్మంలో నిలబడి చూసింది.

"మొత్తానికి మీకూ ఇసక్కీ తేడా లేదని గవర్నమెంటు వారు రాసిచ్చారన్నమాట. నేను ముందే చెప్పాను, విన్నారు కాదు."

మూడో రోజు గనుల శాఖ వాళ్లు ఆపారు. ఇసుక ఎక్కడిది, ఎక్కడికి పోతోందని అడిగారు. "ఎక్కడికీ పోదండీ. మా ఆవిడ బదులు కూచుంది" అన్నాడు జోగారావు. అలాంటి వినియోగానికి తమ దగ్గర ఫారం లేదని, గృహావసరం కింద రాసేసి వదిలేశారు.

ఒక్క జోగారావుకైతే ఇది ఆయన ఖర్మ అనుకోవచ్చు. కానీ నిజాయితీపరుడి చేతికి సిద్ధాంతం దొరికితే ఒక్కడితో ఆగదు. నెల తిరక్కుండా రేవుపల్లిలో బండ్లన్నిటికీ ఎత్తు అనుమతులు వచ్చాయి. బస్సులో ఒకడు దిగాలంటే అంత బరువున్నవాడు ఎక్కాలి. సన్నగా ఉన్నవాళ్లు ఇద్దరేసి జతకట్టి స్టాపుల్లో నించునేవారు. పెళ్లివారు వెళ్లిన కారులో తిరిగొచ్చేటప్పుడు ఒకరు ఎక్కువ కావడానికి వీల్లేక, కొత్త పెళ్లికూతురు బదులు పెళ్లికొడుకు మేనమామని అక్కడే దింపేసి వచ్చారు. పెట్రోలు బంకులో ట్యాంకు నింపించుకున్నవాడు, ఆ బరువు పోగొట్టుకోవడానికి స్పేరు చక్రం బంకులో వదిలేసి వెళ్లేవాడు. ఇసుక సంచులు కుట్టి నూకరాజు రెండో షెడ్డు కట్టుకున్నాడు. ఊళ్లో ప్రమాదాలు తగ్గాయని దక్షిణామూర్తి పైకి నివేదిక పంపాడు. నిజమే. కదిలే బండ్లు తగ్గాయి.

కాలవగట్టు మాత్రం తగ్గలేదు. ఎనిమిదో నంబరు గట్టిదనంతో కారు ప్రతి గతుకునీ ఉత్తరం ముక్కలా చదివి వినిపించేది. అనసూయమ్మ గారు మళ్లీ నిమ్మకాయ తెచ్చుకుంటున్నారు.

అలా ఉండగా ఒక శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి, కాలేజీ నుంచి వస్తూ, అటునుంచి లెక్కిస్తే పద్నాలుగో మలుపు తిరిగేసరికి, శాఖ వారి జీపు గట్టు పక్కన ఆగి కనిపించింది. సువర్చల కల్వర్టు గోడ మీద చెయ్యి ఆనించి, వంగి నిలబడి ఉంది. కొలబద్ద కింద పడి ఉంది. జీపు డ్రైవరు దూరంగా చేతులు నలుపుకుంటున్నాడు.

జోగారావు బ్రేకు వేశాడు. "ఏమైందమ్మా?"

"నొప్పులండీ మాస్టారూ," అంది పళ్లు బిగించి. "ఇంకా రెండు వారాలు టైముందన్నారు..."

"మరి జీపులో తీసుకుపోవేమయ్యా?" అని అరిచారు అనసూయమ్మ గారు.

డ్రైవరు ఏడుపు మొహం పెట్టాడు. "ఎలా తీస్కెళ్లమంటారండి? మేడం గారి బరువు జీపు పత్రంలో ఆరోనెల్లో రాసిందండి. డెబ్బై నాలుగు. ఇయ్యాళ పొద్దున్న ఆఫీసులో తూస్తే ఎనభై వచ్చిందండి. నన్ను సస్పెండు చేసేస్తారండి బాబూ. అంబులెన్సుకి ఫోన్ చేశానండి. రోగి బరువు రాయించుకున్నాక బయల్దేరతారంటండి. అక్కడ క్యూ ఉందంటండి."

జోగారావు కారు దిగాడు. సంచులు పెట్టకుండానే దిగాడు. కారు ఏడు మిల్లీమీటర్లు పైకి లేచింది. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. ముందు సీట్లోంచి ఎనిమిది సంచులు ఒక్కొక్కటే లాగి కాలవగట్టు మీద పడేశాడు. అనసూయమ్మ గారు సువర్చలని పట్టుకుని వెనక సీట్లోకి ఎక్కించారు. ఆ అమ్మాయి ఎక్కుతూ ఎక్కుతూ కూడా, "మాస్టారూ, ఎనభై తీసి ఎనభై పెట్టారు కదండీ? సరిపోతుంది కదండీ?" అంది.

"సరిపోయింది తల్లీ. నూటికి నూరు."

బయల్దేరారు. రేవుపల్లి ఆసుపత్రి వైపు అయిదు కిలోమీటర్లు వచ్చారు. ప్రతి గతుకుకీ కారు ఎగిరి పడుతోంది, ప్రతి ఎగురుకీ వెనకనుంచి అరుపు.  నెమ్మదిగా పోతే ఆలస్యం, తొందరగా పోతే గతుకు. ఇరవై రెండేళ్లు పాఠం చెప్పిన మనిషికి ఆ పూట బుర్రలో ఒక్క సూత్రమూ లేదు.

"మాస్టారూ," అన్నారు అనసూయమ్మ గారు, "ఈ కుదుపు ఈ అమ్మాయి తట్టుకోలేదండీ. ఆ మరలేవో మెత్తన చెయ్యలేరూ?"

"సీలు వేశారండీ. తిప్పే అధికారం నాకు లేదు. తనిఖీ అధికారికే..." అంటుండగా ఆయనకే వెలిగింది. కారు ఆపి వెనక్కి తిరిగాడు.

సువర్చల అనసూయమ్మ గారి చెయ్యి విరిగేలా పట్టుకుని, శాఖ చరిత్రలో అంత బిగ్గరగా ఎవరూ ఇవ్వని ఉత్తర్వు ఇచ్చింది. "తిప్పండి మాస్టారూ!"

జోగారావు బానెట్ ఎత్తాడు, వెనక డిక్కీ తెరిచాడు. రెంచి పెట్టి కొడితే లక్క ముక్కలై రాలింది. ముందువి రెండు, వెనకవి రెండు, నాలుగు మరలూ ఒకటో నంబరుకి తిప్పేశాడు. తర్వాత గట్టు మీద కారు అసలు ఎందుకు కొన్నాడో, స్ప్రింగులు ఎందుకు మార్చాడో ఆ పని చేసింది. నేలని అంటిపెట్టుకుని, ఒరగకుండా, కుదపకుండా, నీళ్లమీద నావలా పోయింది. ముప్పై మూడో మలుపు దాటుతుండగా వెనకనుంచి అనసూయమ్మ గారి గొంతు వినిపించింది.

"మాస్టారూ, నేను చెప్పేవి కప్పలూ బొద్దింకలూ. ఇవాళ సిలబస్ దాటుతున్నాను. మీరు ముందుకే చూడండి!"

ఆయన ముందుకే చూశాడు. కాసేపటికి వెనకనుంచి సన్నటి ఏడుపు వినిపించింది. దాని వెనకే అనసూయమ్మ గారు, ఆ తర్వాత సువర్చల ఏడ్చారు. జోగారావుకి రోడ్డు కనబడ్డం మానేసింది. వైపర్లు వేశాడు. వానేమీ లేదు.

"ఆడపిల్లండీ," అన్నారు అనసూయమ్మ గారు.

ఆసుపత్రి గేటు దగ్గర, పొడిగింపు మీద పొడిగింపుగా నడుస్తున్న పక్షోత్సవం వారి ఇంకో దండు కాపలా ఉంది. బండి ఆగగానే ఒకాయన కొలబద్ద ఆనించాడు. పద్నాలుగు వందల డెబ్బై తొమ్మిది. శభాష్ అన్నట్టు తలూపి, లోపలికి తొంగి చూసి వేళ్లు మడిచాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మళ్లీ మడిచాడు. నాలుగే. తల్లినీ బిడ్డనీ నర్సులు లోపలికి తీసుకుపోతుండగా, జోగారావు చేతిలో మెమో పడింది. కారు ఆఫీసు ఆవరణకి పోయింది.

విచారణ నెలా పదిహేను రోజుల తర్వాత పెట్టారు. ఆ నెలా పదిహేను రోజులూ జోగారావు బస్సులో, భార్య పక్కన, తమ బరువులకి తగ్గ మనుషులు దిగినప్పుడల్లా ఎక్కుతూ ప్రయాణం చేశాడు. నేరం రుజువైతే కారు పత్రం రద్దు, లైసెన్సు ఏడాది రద్దు. ఆయనకి నిద్ర సరిగ్గా పట్టలేదు. ఒక రాత్రి శేషారత్నం పక్క మీద లేచి కూచుని, మెమో తెమ్మంది. లెక్కల పేపరు దిద్దినట్టు చదివి, ఎర్ర పెన్నుతో ఒకచోట గీత పెట్టి, "పడుకోండి. నేనూ వస్తాను" అంది.

విచారణ గదిలో బల్లకి అటు దక్షిణామూర్తి, గుమాస్తాగా గవర్రాజు. ఇటు జోగారావు దంపతులు, అనసూయమ్మ గారు, సాక్షిగా సువర్చల. ఆమె ఒళ్లో పాప నిద్రపోతోంది.

"మొదటి అభియోగం, సీళ్లు పగులగొట్టుట," అని చదివాడు దక్షిణామూర్తి.

"నా సమక్షంలో, నా ఉత్తర్వు మీద, అధికార పరిధిలోనే జరిగిందండీ," అంది సువర్చల. "రాతపూర్వకంగా ఇవ్వడానికి ఆ సమయంలో చెయ్యి ఖాళీ లేదండీ."

"నమోదు చేయడమైనది. రెండవ అభియోగం." ఆయన కళ్లద్దాలు సర్దుకున్నాడు. "పద్నాలుగో మలుపు వద్ద వాహనంలో వ్యక్తులు ముగ్గురు. ఆసుపత్రి గేటు వద్ద నలుగురు. నడుమ వాహనం ఏ స్టాపునందును మనుషులను ఎక్కించుకొనలేదని సాక్ష్యం. కావున నాలుగవ వ్యక్తి నడుచుచున్న వాహనమును అనుమతి లేకుండ ఎక్కినట్లు స్పష్టమగుచున్నది. ముద్దాయి ఏమందురు?"

జోగారావు లేచాడు. ఏదో చెప్పబోయాడు. చెయ్యి పాప వైపు చాచాడు. శేషారత్నం ఆయన చొక్కా అంచు పట్టి కూచోబెట్టి తను లేచింది.

"నేను లెక్కల టీచర్నండి. ఒక్క ప్రశ్న. మార్పంటే ఏమిటని మీ సర్క్యులర్‌లో రాశారు?"

"ఎత్తును మార్చునట్టిది ఏదైనను."

"పద్నాలుగో మలుపు దగ్గర ఎనభై కిలోల సంచులు దిగి ఎనభై కిలోల మనిషి ఎక్కింది. కారు ఎత్తెంత?"

"పద్నాలుగు వందల డెబ్బై తొమ్మిది."

"పిల్ల పుట్టాక, ఆసుపత్రి గేటు దగ్గర, మీ వాళ్లే కొలిచారు. ఎంత?"

దక్షిణామూర్తి కాగితం చూశాడు. "పద్నాలుగు వందల డెబ్బై తొమ్మిది."

"తీసేస్తే ఎంత?"

ఆయన నిజాయితీపరుడు. అబద్ధం ఆడలేదు. "సున్న."

"మరి మారింది ఏదండీ?"

 దక్షిణామూర్తి సర్క్యులర్ తీసి చదివాడు. ఫైలు మొదటి పేజీ నుంచి చివరి దాకా తిప్పాడు. కిటికీలోంచి బయట నిలబడ్డ బూడిదరంగు కారుని చూశాడు. ఆయన ముఖంలో రెండు సత్యాలు పోట్లాడుకుంటున్నట్టు కనిపించింది. చివరికి వాటిలో శాఖది గెలిచింది. గవర్రాజుని రాసుకోమని, ఒక్కొక్క మాటా తూచి చెప్పాడు.

"కొలతలు పరిశీలించడమైనది. ఎత్తునందు ఎట్టి వ్యత్యాసమును లేదు. ఎత్తు మారనిచో మార్పు లేదు. మార్పు లేనిచో నాలుగవ వ్యక్తి లేదు. కావున సదరు దినమున సదరు వాహనమునందు ఎవరును జన్మించలేదని ఈ కార్యాలయం నిర్ధారించుచున్నది. అభియోగములు కొట్టివేయడమైనది. వాహనమును విడుదల చేయవలెను."

సంతకం పెట్టడానికి పెన్ను తీశాడు. సరిగ్గా అప్పుడే పాపకి మెలకువ వచ్చింది. ఆకలేసిందో ఏమో, పిడికిళ్లు బిగించి, మొహం ఎర్రగా చేసుకుని, కిటికీ అద్దాలు అదిరేలా కేరుమంది. ఉలిక్కిపడి దక్షిణామూర్తి పెన్ను జారవిడిచాడు.

"ఎవరది?"

గవర్రాజు రాసిన కాగితాన్ని ఆయన ముందుకి మర్యాదగా జరిపాడు.

"ఎవరూ లేరండి. తమరే ఇప్పుడు రాయించారు కదండీ."